ఆరు నెలల కోర్సు, రెండు లక్షల నలభై వేల ఫీజు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం గురించి ఉన్నందువల్ల మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ శీర్షికను పూర్తిగా కోడింగ్ శిక్షణకే కేటాయిస్తున్నాను. నాలుగు నుంచి తొమ్మిది నెలల్లో ప్రోగ్రామింగ్ నేర్పి ఉద్యోగానికి సిద్ధం చేస్తామనే కోర్సులకు బూట్‌క్యాంప్ అన్న పేరు అమెరికాలో 2011, 2012 ప్రాంతాల్లో స్థిరపడింది. హైదరాబాదులోని మన అమీర్‌పేట అంతకు చాలా ముందు నుంచే ఆ పని చేస్తోంది. 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పుతాయన్న వై2కె భయం పుణ్యమా అని మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ నేర్పిన గదుల్లోనే తరవాత జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, డెవాప్స్ వరసగా నేర్పారు. ఇప్పుడు అవే మెట్ల దగ్గర జనరేటివ్ ఏఐ బ్యానర్లు వేలాడుతున్నాయి. బ్యానరు మారినంత తొందరగా లోపలి బోధన మారదన్న సంగతి గుర్తుంచుకుని కింది జవాబులు చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. బీకాం కంప్యూటర్స్ చదివి నాలుగేళ్లుగా గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. జీతం 18,000 రూపాయలు. హైదరాబాదులోని ఒక సంస్థ ఆరు నెలల ఫుల్ స్టాక్ కోర్సుకు (వెబ్‌సైటులో పైకి కనిపించే భాగం, వెనక నడిచే భాగం రెండూ నేర్పేది) 2,40,000 రూపాయలు అడుగుతోంది. 24 నెలల వాయిదాలకు వాళ్లే లోను ఇప్పిస్తారట. ప్లేస్‌మెంట్ సాయం ఉంటుందని, తమ విద్యార్థుల్లో 95 శాతం మందికి ఉద్యోగాలు వచ్చాయని చెబుతున్నారు. పోయిన ఏడాది పెళ్లయింది. ఉద్యోగం మానేసి చేరమంటారా? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు లెక్కలు రాసేవారు కనుక ముందు లెక్కే చూద్దాం. 2,40,000 అన్నది జీఎస్టీ కలిపిన మొత్తమో కాదో మీ ఉత్తరంలో లేదు. శిక్షణ ఫీజు మీద 18 శాతం పన్ను విడిగా వేస్తే మొత్తం 2,83,200 అవుతుంది. 24 నెలలకు విడదీస్తే నెలకు 11,800. వడ్డీ లేదని చెప్పినా నేను ఆ మాటను ఫీజులో ముందే కలిపేశారన్న అర్థంలోనే తీసుకుంటాను. ఆరు నెలలు మానుకునే జీతం 1,08,000. హాస్టలుకు, తిండికి నెలకు 8,000 చొప్పున వేసుకున్నా మరో 48,000. అంటే ఈ కోర్సు మీకు పడే అసలు ధర 4,39,200 రూపాయలు. అంతా అనుకున్నట్టే జరిగి, కొత్తవారికి పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి ఇస్తున్న మూడున్నర లక్షల వార్షిక వేతనం దగ్గర మీకు ఉద్యోగం దొరికిందనుకోండి. కోతలు పోను నెలకు పాతిక, ఇరవై ఆరు వేలు చేతికి వస్తాయి. అందులో వాయిదా పోగా హైదరాబాదులో ఇద్దరు బతకడానికి మిగిలేది పదమూడు, పద్నాలుగు వేలు. ఈ అంకెలు మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. సేల్స్ కౌన్సెలరు ఫోనులో మీకు వినిపించే లెక్క పన్నెండు లక్షల ప్యాకేజీ దగ్గర మొదలవుతుంది కనుక, దాని పక్కన ఈ లెక్క కూడా కాగితం మీద ఉండాలని రాశాను.

ఇక 95 శాతం సంగతి. ఏ శాతానికైనా కింద ఒక హారం ఉంటుంది, మీరు అడగవలసింది ఆ హారం గురించే. మధ్యలో మానేసినవారిని తీసేసి, హాజరు తగ్గినవారిని తీసేసి, చివరి పరీక్షలో 'అర్హత' పొందనివారిని తీసేసి, మిగిలిన ఇరవై మందిలో పంతొమ్మిది మందికి ఏదో ఒక ఉద్యోగం వచ్చినా అది 95 శాతమే అవుతుంది. ఆ 'ఏదో ఒక ఉద్యోగం'లో కాల్ సెంటరూ ఉండవచ్చు, అదే సంస్థలో కొత్త విద్యార్థులకు ఫోన్లు చేసే పనీ ఉండవచ్చు. ఏడాది కిందట పూర్తయిన ఒక్క బ్యాచ్ పేరు చెప్పి, అందులో మొదటి రోజు ఎంతమంది చేరారు, చివరి రోజు ఎంతమంది మిగిలారు, ఆరు నెలల్లోపు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం ఎంతమందికి దొరికింది, జీతాల వరసలో సరిగ్గా నడిమధ్యన ఉన్నవాడి జీతమెంత అని ఈమెయిల్లో అడగండి. సమాధానం ఫోనులోనే చెబుతామంటే దాన్ని సమాధానంగా లెక్కించవద్దు. వాళ్లు కలిపించే పాత విద్యార్థులతో కాకుండా, లింక్డ్‌ఇన్‌లో ఆ సంస్థ పేరు పెట్టుకున్నవారిలో మీరు ఎంచుకున్న ముగ్గురితో మాట్లాడండి. వారిలో కనీసం ఒకరు ఇంకా ఉద్యోగం దొరకనివారై ఉండేలా చూసుకోండి.

అలాగని ఈ శిక్షణలన్నీ మోసమని అనడం లేదు. పాఠాలు ఎలాగూ ఉచితంగానే దొరుకుతున్నాయి: ఫ్రీకోడ్‌క్యాంప్, హార్వర్డ్ వారి సీఎస్50, మన ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు ఎవరైనా చూడవచ్చు. మంచి శిక్షణ సంస్థ అమ్మేవి వేరే. ఉదయం తొమ్మిదింటికి కూర్చోబెట్టే కాలపట్టిక ఒకటి. పక్కన అదే తప్పుతో కుస్తీ పడుతున్న నలుగురు తోటివారు మరొకటి. అన్నిటికంటే విలువైనది, మీరు రాసిన కోడ్‌ను వరుస వరుసా చదివి ఇక్కడ ఎందుకిలా రాశావని నిలదీసే అనుభవజ్ఞుడు. ఈ మూడోది నిజంగా ఉందో లేదో తెలియాలంటే, మీ కోడ్‌ను ఎవరు చదువుతారు, వారానికి ఎన్నిసార్లు, ఒక్కొక్కరి కింద ఎంతమంది విద్యార్థులు ఉంటారు అని అడగాలి. రెండు వందల మందికి ఒక రికార్డు చేసిన వీడియో, సందేహాలకు ఒక వాట్సాప్ గ్రూపు అయితే దానికి రెండున్నర లక్షలు ఎందుకివ్వాలో నాకు అర్థం కాదు.

ఆ నిలదీత ఎందుకంత ముఖ్యమో ఒక్క రోజు ముచ్చట చెబుతాను. కిందటి ఏడాది మేము కొత్తవారిని ఇంటర్వ్యూ చేసిన రోజున వచ్చిన తొమ్మిది రెజ్యూమేల్లో ఆరింటిలో ఒకే ప్రాజెక్టు ఉంది: హోటల్ నుంచి ఇంటికి భోజనం తెప్పించే యాప్. ఆరుగురి కోడ్‌లోనూ 'డెలివరీ' అన్న మాటకు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకే చోట ఒకేలా తప్పింది. హోటల్లో ఒక్క బిర్యానీ మిగిలి ఉండగా ఇద్దరు ఒకే క్షణంలో ఆర్డరు చేస్తే మీ ప్రోగ్రాం ఏం చేస్తుందని అడిగితే ఆరుగురూ మౌనం వహించారు. వాళ్లలో తెలివి తక్కువవారు ఎవరూ లేరు. ఆ ప్రశ్న అంతకుముందు వాళ్లను ఎవరూ అడగలేదు, అంతే. ఏడో అభ్యర్థిగా ఒంగోలు వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి తన తండ్రి నడిపే పాల కేంద్రానికి రాసిన చిన్న ప్రోగ్రాం చూపించింది. ఉదయం పాలు, సాయంత్రం పాలు, వెన్న శాతం, దాన్నిబట్టి లీటరు ధర, పది రోజులకోసారి ఒక్కో రైతుకు బిల్లు. చూడడానికి అందమేమీ లేదు. 'మొదట్లో పుస్తకంలోని మొత్తానికీ నా మొత్తానికీ పైసల్లో తేడా వచ్చేది సార్, నాన్న ఒప్పుకోలేదు' అని ఆమె అంది. కారణం వెతికితే, జావాస్క్రిప్టులో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదనీ, 0.30000000000000004 వస్తుందనీ, దశాంశాలను కంప్యూటరు 0, 1 అనే రెండే అంకెలు వాడే బైనరీ పద్ధతిలో దాచుకోవడం వల్ల ఇలా జరుగుతుందనీ ఆమెకు తెలిసింది. అప్పటి నుంచి రూపాయలను దశాంశాలతో కాకుండా మొత్తం పైసల్లో, పూర్ణాంకాలుగా దాచడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో మూడుసార్లు తడబడింది. ఆమెను తీసుకున్నాం. ఆమె ఏ శిక్షణలోనూ చేరలేదా అంటే, చేరింది. అమీర్‌పేటలో మూడు నెలలు జావా నేర్చుకుంది. కానీ ఆమెను నిలదీసిన గురువు పాలు పోసే రైతుల ముందు జవాబు చెప్పుకోవలసిన తండ్రి.

మీకూ అలాంటి గురువు యార్డులోనే ఉన్నాడు. రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు ఎన్ని, తూకం ఎంత, క్వింటా ధర ఎంత, కమీషన్, హమాలీ, కాటా కూలి పోగా రైతు చేతికి ఎంత అన్న పట్టీని మీరు రోజూ రాస్తున్నారు. ఉద్యోగం మానకుండా, రోజుకు గంటన్నర చొప్పున మూడు నెలలు కేటాయించి, ఆ పట్టీని తయారుచేసే ప్రోగ్రామును మీరే రాయండి. మొదటి నెల పైథాన్ గానీ జావాస్క్రిప్టు గానీ ఒక్కటే భాష. రెండో నెల ఎస్‌క్యూఎల్, అంటే లెక్కలను పట్టికల్లో దాచి ప్రశ్నలడిగే పద్ధతి, ఇది మీకు లెడ్జరు తెలిసినందువల్ల ఇంజనీర్ల కంటే సులువుగా వస్తుంది. మూడో నెల ఆ రెంటినీ కలిపి బ్రౌజరులో కనిపించేలా చేయడం, గిట్‌లో రోజువారీ మార్పులు భద్రపరచడం. తొంభై రోజుల తరవాత పట్టీ తప్పు లేకుండా వచ్చిందా అన్నదానికంటే, తప్పు వచ్చిన రాత్రి మీరు లాప్‌టాప్ మూసేశారా, పన్నెండింటి దాకా వెతికారా అన్నదే మీకు ఈ వృత్తి సరిపడుతుందో లేదో చెబుతుంది. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

మరొక సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ నాలుగేళ్ల అకౌంట్ల అనుభవాన్ని రెజ్యూమేలో దాచిపెట్టమని శిక్షణ సంస్థలు సలహా ఇస్తుంటాయి. నా దృష్టిలో అది మీ మూలధనం. లెక్కల సాఫ్ట్‌వేరు తయారుచేసే, అమర్చే కంపెనీలకు డెబిట్ క్రెడిట్ తెలిసిన ప్రోగ్రామరు దొరకడం కష్టం. ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు పైథాన్, జావాస్క్రిప్టులతో రాసినదే. దాని కోడ్ ఎవరైనా తెరిచి చదవవచ్చు, ఇంట్లో కంప్యూటరులో నడపవచ్చు, దాన్ని చిన్న వ్యాపారాలకు అమర్చిపెట్టే సంస్థలు మన ఊళ్లలోనూ ఉన్నాయి. అందరితో పాటు ఫుల్ స్టాక్ ఫ్రెషర్ల వరసలో నిలబడే బదులు ఆ వైపు తలుపు తట్టడం మీకు మేలు. అర్హత నిబంధనలు చూసుకుని, ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏ చేయడం కూడా ఆలోచించదగ్గదే. పెద్ద కంపెనీల్లో చాలా వాటి దరఖాస్తు ఫారాల్లో బీటెక్, ఎంసీఏ అన్న గడుల దగ్గరే బీకాం వారు ఆగిపోతారు, ఏ బూట్‌క్యాంప్ సర్టిఫికెట్టూ ఆ గడిని నింపదు.

కనుక ఇప్పుడు చేరవద్దు. మూడు నెలల తరవాత పట్టీ ప్రోగ్రాం మీ దుకాణంలో నడుస్తూ ఉండి, అప్పటికీ మిమ్మల్ని దిద్దేవారు కావాలనిపిస్తే, లోను లేకుండా కట్టగలిగిన ఫీజుతో, సాయంత్రం లేదా వారాంతపు బ్యాచ్‌లో చేరండి.

ప్రశ్న: 2021లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాను. ఇంతవరకు సరైన ఉద్యోగం లేదు. డెవాప్స్ కోర్సు (సాఫ్ట్‌వేరును సర్వర్ల మీద అమర్చి నడిపే పని) చేశాక ఒక కన్సల్టెన్సీ వారు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు, పే స్లిప్పులు, పీఎఫ్ కూడా చూపిస్తామని, దానికి లక్షన్నర అవుతుందని అంటున్నారు. నా రూమ్‌మేట్లు ఇద్దరు అలాగే చేరి పనిచేస్తున్నారు. తప్పేనా? (హైదరాబాద్, ఎస్సార్ నగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తప్పే. అంతేకాదు, లెక్క ప్రకారం చూసినా చెడ్డ బేరం. పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ అనే, ఉద్యోగం మారినా మారని ఒకే సంఖ్య వచ్చిన తరవాత ఒక మనిషి ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశాడన్నది ఒకే చోట కనిపిస్తుంది. జీతం మీద పన్ను కోసినట్టు పే స్లిప్పులో చూపిస్తే అది మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ లెక్కల్లో కూడా కనిపించాలి. కంపెనీలు వెరిఫికేషన్ కోసం నియమించుకునే సంస్థలు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తాయి, పాత కంపెనీ చిరునామాకు మనిషిని కూడా పంపుతాయి. మీ రూమ్‌మేట్లు ఇప్పటికి బయటపడలేదు కావచ్చు. కానీ వెరిఫికేషన్ చేరిన రోజున ఒక్కసారే జరిగి అయిపోదు. కొత్త క్లయింటు అడిగినప్పుడు, కంపెనీ చేతులు మారినప్పుడు, ఉద్యోగం మారినప్పుడు మళ్లీ తవ్వుతారు. నాలుగేళ్లు బాగా పనిచేసి టీమ్ లీడు అయినవారిని కూడా పాత కాగితాల మీద ఒక్క మధ్యాహ్నంలో బయటికి పంపడం నేను దగ్గరుండి చూశాను. ఆ మధ్యాహ్నం తరవాత వారి దగ్గర ఉన్న నిజమైన నాలుగేళ్ల అనుభవాన్ని కూడా ఎవరూ నమ్మరు. నకిలీ పత్రాలు తయారుచేయడం, అవి నకిలీవని తెలిసి వాడడం భారతీయ న్యాయ సంహిత కింద నేరాలు. కేసు వచ్చేసరికి కన్సల్టెన్సీ బోర్డు మారిపోయి ఉంటుంది, సంతకం మాత్రం మీదే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మూడేళ్ల అనుభవం ఉందని చేరినవాడికి మూడేళ్లవాడి పనే ఇస్తారు. అర్ధరాత్రి సర్వరు పడిపోతే ఫోను మీకే వస్తుంది. అప్పుడు పక్కనుంచి చేసిపెట్టడానికి మరొకరికి నెల నెలా డబ్బు ఇస్తున్నవారు ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఎందరో మీకే తెలిసి ఉంటుంది.

ఖాళీ ఏళ్లను ఖాళీగానే చూపించండి; ఆ కాలంలో ఏ చిన్న పని చేసినా, అది బావగారి వర్క్‌షాపులో అయినా సరే, ఉన్నదున్నట్టు రాయండి. మెకానికల్ వారికి ఇంజనీరింగ్ సర్వీసుల కంపెనీల్లో, వాహన, విమాన భాగాల డిజైన్ సాఫ్ట్‌వేర్ల చుట్టూ, టెస్టింగ్‌లో ఫ్రెషర్ అవకాశాలు ఉంటాయి. డెవాప్స్‌లోకి ఏ అనుభవమూ లేకుండా నేరుగా తీసుకునేవారు తక్కువ. లినక్స్ సపోర్టు, నైట్ షిఫ్ట్ మానిటరింగ్ లాంటి కింది మెట్టు నుంచి ఎక్కినవారే ఎక్కువ. ఆ మెట్టు మీద జీతం చిన్నదే.

ప్రశ్న: ఒక ఆన్‌లైన్ బూట్‌క్యాంప్‌లో చేరి మూడు వారాలైంది. డెమోలో పాఠం చెప్పినాయన ఇప్పుడు లేరు. ఉద్యోగం గ్యారంటీ అని ప్రకటనలో రాశారు, ఒప్పందంలో ఆ మాటే లేదు. డబ్బు వెనక్కి ఇవ్వబోమంటున్నారు. ఫైనాన్స్ కంపెనీ వాయిదా నా ఖాతా నుంచి దానంతట అదే కోసుకుంటోంది. వాయిదా ఆపేయవచ్చా? (విజయనగరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తొందరపడి ఆపవద్దు. మీరు సంతకం చేసినవి రెండు వేర్వేరు ఒప్పందాలు. ఒకటి శిక్షణ సంస్థతో, మరొకటి అప్పు ఇచ్చిన కంపెనీతో. సంస్థ మాట తప్పినా అప్పు మీ పేరు మీద అలాగే ఉంటుంది, వాయిదా తప్పితే మీ క్రెడిట్ స్కోరే దెబ్బతింటుంది. చాలామంది ఇది 'ఫీజు వాయిదా' అనుకుని ఓటీపీ చెప్పేస్తారు, అది వ్యక్తిగత రుణమని నెల తరవాత గానీ తెలియదు.

ముందుగా రుణంతో పాటు వచ్చిన ముఖ్య వివరాల పత్రాన్ని, అంటే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌ను వెతకండి. డిజిటల్ రుణాలకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు ఒకటి ఉండాలి. ఆ గడువులోపు అసలు, అప్పటిదాకా గడిచిన రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడవచ్చు. మీకు మూడు వారాలు గడిచాయి కనుక అది దాటిపోయి ఉండవచ్చు, అయినా చూడండి. ఇతర పాఠకులు దీన్ని చేరిన రోజునే చూడాలి.

తరవాత, ఫోన్లు మానేసి ఈమెయిల్ మొదలుపెట్టండి. ప్రకటన స్క్రీన్‌షాట్, కౌన్సెలరు వాట్సాప్ మాటలు, డెమో తేదీ, మారిన బోధకుడి వివరం, మీరు అడుగుతున్న మొత్తం, జవాబుకు పదిహేను రోజుల గడువు: ఇవన్నీ ఒకే ఉత్తరంలో పెట్టండి. కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలను నివారించడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్ 13న మార్గదర్శకాలు జారీచేసింది. ఉద్యోగానికి హామీ ఇస్తున్నట్టు అబద్ధపు ప్రకటనలు చేయడాన్ని అవి నిషేధిస్తాయి. ఉత్తరంలో ఆ మాట ప్రస్తావించండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. నా అనుభవంలో చాలా సంస్థలు ఇక్కడికి వచ్చేసరికి సగమో ముప్పావో వెనక్కిచ్చి వదిలించుకోవాలని చూస్తాయి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. విలువ అయిదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. రుణం ఇచ్చిన కంపెనీకి విడిగా ఫిర్యాదు రాయండి. ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా విన్నవించుకోవచ్చు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు గానీ ఖాళీ చెక్కులు గానీ వాళ్ల దగ్గర ఉంటే ఈ ఉత్తరం రాయడానికి ముందే ఏదో ఒక పని చెప్పి వెనక్కి తెచ్చుకోండి.

ప్రశ్న: మావారు హెచ్1బి వీసా మీద అమెరికాలో పనిచేస్తున్నారు, నాకు హెచ్4 ఈఏడీ, అంటే భార్యగా వచ్చినా ఉద్యోగం చేసుకునే అనుమతి, ఉంది. ఇండియాలో బోటనీ ఎమ్మెస్సీ చేశాను. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లందరూ బూట్‌క్యాంప్ చేయమంటున్నారు. ఉద్యోగం వచ్చాకే ఫీజు కట్టే పద్ధతి మంచిదేనా? (డల్లాస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆ సలహా ఇచ్చినవారు 2015 నుంచి 2021 మధ్య ఉద్యోగాల్లో చేరినవారై ఉంటారు. అప్పటి మాట అప్పటికి నిజమే. కానీ బూట్‌క్యాంపులకు ఆద్యుల్లో ఒకటైన శాన్‌ఫ్రాన్సిస్కోలోని డెవ్ బూట్‌క్యాంప్ 2017లోనే మూతపడింది; పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల పేర్లతో బూట్‌క్యాంపులు నడిపిన 2యూ సంస్థ 2024 చివర్లో వాటి నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఉద్యోగం వచ్చాక జీతంలో వాటా ఇచ్చే ఒప్పందానికి ప్రసిద్ధి పొందిన లాంబ్డా స్కూల్, తరవాతి పేరు బ్లూమ్‌టెక్, మీద అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 ఏప్రిల్‌లో చర్య తీసుకుంది. ఆ వాటా ఒప్పందాలు నిజానికి అప్పులేననీ, 86 శాతం దాకా ఉద్యోగాలు వచ్చాయని ప్రచారం చేసుకున్నా లోపలి లెక్కల్లో అది 50 శాతం దగ్గర, కొన్నిసార్లు 30 దాకా కిందికి ఉందనీ ఆ సంస్థ తేల్చింది. 'ముందు కట్టనక్కరలేదు' అన్న మాట వినగానే అప్పు కాదని అనుకోవద్దు.

మీ దగ్గర్లోనే కాలిన్ కాలేజీ లాంటి కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. సాయంత్రం తరగతులు, బూట్‌క్యాంప్‌తో పోలిస్తే చాలా తక్కువ ఫీజు, పైగా ఆ క్రెడిట్లు రేపు డిగ్రీకి పనికి రావచ్చు. మీ వృక్షశాస్త్రాన్ని వదులుకోకుండా, ఆర్, పైథాన్, గణాంకాలు నేర్చుకుంటే వ్యవసాయ, జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో సమాచార విశ్లేషణ వైపు వెళ్లే దారి కూడా చూడండి. ఈఏడీ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని, కోర్సు ముగిసే తేదీని దానికి సరిపోల్చుకోవడం మరవకండి.

ప్రశ్న: కోడ్ అంతా ఏఐ రాసేస్తుంటే ఇంకా కోడింగ్ నేర్చుకోవడం అవసరమా? (అనంతపురం, నిజామాబాద్, తణుకు నుంచి నలుగురు పాఠకులు)

జవాబు: అవసరమే, కానీ కొత్తవారికి దారి ఇరుకైంది. ఇదివరకు ఫ్రెషర్లకు ఇచ్చే చిల్లర పనుల్లో చాలా భాగం ఇప్పుడు ఈ పరికరాలు చేస్తున్నాయి. పైన చెప్పిన బిర్యానీ యాప్‌ను ఏఐ పది నిమిషాల్లో రాస్తుంది. చివరి బిర్యానీ ఇద్దరికీ అమ్మేసిందని కనిపెట్టడం మాత్రం దాన్ని చదవగలిగినవారి వల్లే అవుతుంది. నేర్చుకునే మొదటి మూడు నెలలు ఆ పరికరాలతో కోడ్ రాయించుకోకండి, రాసినదాన్ని వివరించమని అడగడానికి మాత్రం వాడండి. ఎక్కాలు రాకముందే కాలిక్యులేటరు చేతికిచ్చిన పిల్లవాడికి, జవాబులో ఒక సున్నా ఎక్కువ పడినా అనుమానం రాదు.

ప్రశ్న: మా అమ్మాయి జగిత్యాలలో బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. పరీక్షలవగానే అమీర్‌పేట వెళ్లి హాస్టల్లో ఉండి కోర్సు చేస్తానంటోంది. ఇంట్లో ఉండి ఆన్‌లైన్‌లో నేర్చుకోకూడదా అని వాళ్ల నాన్న అంటున్నారు. ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు ఖర్చు లేని దారులు చూడండి. బీఎస్సీ, బీసీఏ పిల్లలను ఉద్యోగంలోకి తీసుకుని, పనిచేస్తుండగానే ఎంటెక్ చదివించే విప్రో విల్ప్ లాంటి పథకాలు ఉన్నాయి. వాటి నోటిఫికేషన్లు చదువు పూర్తయ్యే ఏడాదిలోనే వస్తాయి కనుక అమ్మాయిని ఇప్పుడే కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారిని అడగమనండి. తెలంగాణ ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్‌లో కాలేజీ ద్వారా నమోదు చేసుకునే వీలుందేమో కూడా కనుక్కోండి. ఇవి కుదరకపోతే అమీర్‌పేట తప్పేమీ కాదు.

ఇంట్లోనా, అమీర్‌పేటలోనా అన్నదానికి నేను వాళ్ల నాన్నగారితో సగమే ఏకీభవిస్తాను. ఇంట్లో ఉన్న ఆడపిల్లకు ఆన్‌లైన్ క్లాసు జరుగుతుండగానే చుట్టాలకు టీ పెట్టమని పిలుపు వస్తుంది. మీరు పిలవకపోయినా పక్కింటివారు పిలుస్తారు. తలుపు వేసుకుని రోజుకు ఆరు గంటలు కూర్చోగలిగే గది, కరెంటు, ఇంటర్నెట్ ఇవ్వగలిగితే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ఇవ్వలేకపోతే హాస్టలే నయం. హాస్టలు ఎంచుకునేటప్పుడు ఫ్యాను, భోజనం చూసినట్టే రాత్రి పదకొండు దాకా కూర్చుని చదువుకునే చోటు ఉందా అని కూడా చూడండి. మంచాల మధ్య లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఎంతోకాలం నేర్చుకోలేరు. కొత్త లాప్‌టాప్ అక్కర్లేదు, 16 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్‌ది చాలు.

ఇంగ్లీషు గురించి అంత దిగులు పడకండి. ప్రోగ్రామింగుకు కావలసిన ఇంగ్లీషు వేరు. ఎర్రటి అక్షరాల్లో వచ్చే ఎర్రర్ సందేశాన్ని భయపడకుండా మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదవడం అందులో సగం. ఇంటర్వ్యూ కోసం, తను రాసిన ప్రోగ్రాం ఏం చేస్తుందో రోజూ అయిదు నిమిషాలు ఇంగ్లీషులో పైకి చెప్పి ఫోనులో రికార్డు చేసుకుని వినమనండి. మొదటి వారం సిగ్గేస్తుంది, నెల తిరిగేసరికి వాక్యం నిలబడుతుంది.

డబ్బు కట్టే ముందు ఒక్క పని చేయండి. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల ఏ సంస్థలోనైనా డెమో క్లాసులు ఉచితంగానే ఉంటాయి. మొదటి రోజు డెమో చూసి మురిసిపోయి అక్కడే అడ్వాన్సు కట్టకుండా, రెండు మూడు సంస్థల్లో కూర్చోనివ్వండి. ఇప్పటికే నడుస్తున్న బ్యాచ్‌లో ఒక పూట వెనక బెంచీలో కూర్చుంటానని అడగమనండి. ఒప్పుకుంటే, డెమోలో చెప్పినాయనే అక్కడా చెబుతున్నారా, పిల్లలు ప్రశ్నలు అడుగుతున్నారా, బోర్డు మీద రాసినదాన్ని దింపుకుంటున్నారా, లేక ఎవరి కోడ్ వాళ్లు రాస్తున్నారా అన్నది చూసి రమ్మనండి. ఒప్పుకోకపోతే అదే వీధిలో పక్క మెట్లు ఎక్కమనండి.